ఆకుపచ్చ లేబుల్ పరువు

శనివారం బీమా ఆఫీసుకు సెలవు. ఆ పొద్దున గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే, బాత్రూము కుళాయికి వాషరు మార్చడం. కుళాయి విప్పి చేతిలో పట్టుకున్నాడో లేదో మామగారు ఫోను చేశారు.

"ఏమయ్యా అల్లుడూ, మన ఆకుపచ్చ లేబుల్ వాళ్లు మంచివాళ్లేనా?"

మామగారు రిటైరైన డ్రాయింగు మాస్టారు. కిందటి నెల అల్లుడి సలహా మీద ఒక పాత వెండి నాణెం కొన్నారు. నాణేన్ని పరీక్షించి, డెబ్బైకి ఇన్నని మార్కులు వేసి, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి అతికించి, పైన లేబుల్ వేసే సంస్థలున్నాయి. వాటిలో అందరికీ తెలిసినవి రెండు మూడు. ఆకుపచ్చ లేబుల్ వాళ్లు వాటిలో లేరు. లేబుల్ రంగు బాగుందని గుమాస్తా కొనిపించాడు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"ఎందుకడుగుతున్నారు మామయ్యగారూ?"

"నిన్న నాణేల క్లబ్బులో జడ్జీగారు దాన్ని చూసి నవ్వాడయ్యా. ఒక్క ముక్క మాట్లాడలేదు, నవ్వి ఊరుకున్నాడు. సాయంత్రం క్లబ్బు ప్రదర్శనలో పెడితే పదిమందీ నవ్వుతారా, నవ్వరా? అది తేల్చి చెప్పు. నీ మాట నమ్మి కొన్నాను."

గుమాస్తా కుళాయి మడ్డి అంటిన చెయ్యి కూడా కడుక్కోకుండా బజారుకు బయలుదేరాడు.

మొదటి కొట్టు మీసాలాయనది. గుమాస్తా బీమా ఆఫీసు మనిషని అతనికి తెలుసు. గుమాస్తా ఆఫీసులో పాలసీదార్లను అడిగే పద్ధతిలోనే గొంతు తగ్గించి అడిగాడు. "ఆకుపచ్చ లేబుల్ వాళ్ల సంగతేమిటి?"

మీసాలాయన ఆ పేరు వినలేదు. జుట్టు నెరిసేదాకా నాణేలు అమ్మినవాడు వినలేదని ఒప్పుకుంటే కొట్టు మర్యాద పోతుంది. "వాళ్లా..." అని టీ గ్లాసు కింద పెట్టాడు. "మీకు తెలియనిదేముంది సార్!"

గుమాస్తా దాన్ని చెడు కబురు కిందే జమ కట్టుకుని మెట్లు దిగాడు. మీసాలాయన వెంటనే ఎదురు కొట్టులో ఉన్న తన బావకు ఫోను కలిపాడు.

"బావా, బీమా ఆఫీసాయన వచ్చి ఆకుపచ్చ లేబుల్ గురించి ఆరా తీసి వెళ్లాడు."

"బీమా వాళ్లకు నాణేలతో ఏం పనిరా?"

"అదేగా నేననేది! నిప్పు లేందే పొగ రాదు."

గుమాస్తా రోడ్డు దాటేసరికి ఎదురు కొట్టు అద్దాల బీరువాలోంచి ఆకుపచ్చ లేబుళ్లు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

"ఎందుకు తీసేస్తున్నారు?"

బావ చేతిలో డబ్బీ జారబోయి ఆగింది. "దుమ్ము సార్, దుమ్ము దులుపుతున్నా! అయినా ఇవి నావి కావు సార్. ఎవరో ఉంచమని ఇచ్చి వెళ్లారు."

గుమాస్తాకు చెమటలు పట్టాయి. వీధి చివర స్టాంపులమ్మే అక్క దగ్గరికి వెళ్లాడు. ఆమె అడక్కుండానే మొదలుపెట్టింది.

"తమ్ముడూ, ఆకుపచ్చ లేబుల్ గొడవ విన్నావా? వాళ్ల మీద కేసట. ఎవరో పెద్దాఫీసరు దిగాడట. ముఖం మాడ్చుకుని, చేతులకు మడ్డి పూసుకుని, మారువేషంలో కొట్టు కొట్టూ తిరుగుతున్నాట్ట!"

తనకంటే ముందే మరొకరు వాళ్ల బండారం పసిగట్టారని గుమాస్తాకు అర్థమైంది. రుమాలుతో మొహం తుడుచుకున్నాడు. మొహానికి మడ్డి అంటింది.

క్లెయిముల సెక్షనులో ఒకరితో ఒకరికి సంబంధం లేని సాక్షులు ముగ్గురు ఒకే మాట చెబితే ఫైలు మూసేస్తారు. గుమాస్తా ఇంటికి ఫోను చేశాడు.

"కుళాయి విప్పదీసి ఎక్కడికి పోయారండీ? ఇల్లు చెరువవుతోంది!" అంది భార్య.

"కానీలే. ముందు ఆ నాణెం ప్రదర్శనలో పెట్టొద్దని మీ నాన్నకు చెప్పు. ఆ కంపెనీ మీద కేసు నడుస్తోంది."

కూతురు తండ్రికి చెప్పేటప్పుడు, మాట వింటారో వినరోనని, అది ఇంట్లో ఉన్నా ప్రమాదమేనని తన వంతు కలిపింది. మామగారు నాణేన్ని మఫ్లరులో చుట్టుకుని మీసాలాయన కొట్టుకు పరుగెత్తారు. మీసాలాయన డబ్బీని దీపం కింద పెట్టి, లేబుల్ వదిలేసి నాణేన్నే చూశాడు. చాలాసేపు చూశాడు.

"మీ పెద్దరికానికి కట్టుబడి తీసుకుంటున్నా మాస్టారూ. బదులుగా ఈ నీలం లేబుల్ పట్టుకెళ్లండి. వీళ్ల పేరు పసిపిల్లాడికైనా తెలుసు. ఇక తలనొప్పి నాది."

సాయంత్రం ప్రదర్శనలో జడ్జీగారు మామగారి బల్ల ముందు ఆగారు. "ఆకుపచ్చది ఏదండీ?"

"వదిలించుకున్నాను. నిన్న మీరు నవ్వారుగా!"

"మాస్టారూ, కుళ్లు కనిపించకుండా నవ్వానండీ! మార్కులు వేయడంలో వాళ్లంత పిసినారులు లేరు. అందుకే వర్తకులు వాళ్ల గుమ్మం తొక్కరు. గుమ్మం తొక్కరు కాబట్టి పేరూ లేదు. వాళ్ల చేత అరవై ఐదు వేయించుకున్న నాణెం నేను ఇంకెక్కడా చూడలేదు." ఆయన వంగి నీలం లేబుల్ డబ్బీని పరీక్షించారు. "ఇందులో లేబుల్ బాగుందండీ."

మామగారు అల్లుడి వైపు చూశారు. అల్లుడు నేల వైపు చూశాడు. హాలు రెండో చివర మీసాలాయన గొంతు వినిపిస్తోంది. "బీమా కంపెనీ వాళ్లు పెద్దాఫీసరును పంపి మరీ విచారించిన సరుకండీ ఇది!"

ఏం అడగాలో తెలియకపోయినా గుమాస్తా అటు నడిచాడు. వెనకాల మామగారు నీలం డబ్బీతో నడిచారు. తిన్నగా తన బల్లకే వస్తున్న గుమాస్తాను చూసి మీసాలాయన మాట మధ్యలో ఆపేశాడు. గుమాస్తా నోరు తెరిచేలోపే ఆకుపచ్చ డబ్బీ అతని చేతిలో పడింది.

"తప్పైపోయింది సార్! మాస్టారు మీ మనిషని తెలిస్తే ఇంత పని చేసేవాణ్ణా? నీలంది కూడా ఉంచేసుకోండి. కేసులో మాత్రం నా పేరు రాయకండి సార్, పిల్లలు గలవాణ్ణి."

ఇద్దరూ హాలు బయటికి వచ్చారు. మామగారు మెట్ల మీద ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"అల్లుడూ, నిజం చెప్పు. ఆఫీసులో నీది గుమాస్తా ఉద్యోగమేనా?"

ఆ రోజు మామగారు అడిగిన ప్రశ్నల్లో గుమాస్తాకు జవాబు కచ్చితంగా తెలిసింది అదొక్కటే. అతను చెప్పలేదు.