ఆడంటే యాడ?

మా ఆయన రక్తంలో ఆడ హార్మోన్ పట్టుబడినదని బంధుమిత్రులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. పట్టుబడిన ఊరు హిందూపురం. సంవత్సరం పందొమ్మిది వందల తొంభై తొమ్మిది. ముద్దాయి పేరు కరీముల్లా, వయసు ఇరవయ్యేడు. వృత్తి, మా మామ కాలేసాబ్ గారి పరుపుల అంగట్లో దూది నింపడం. అదనపు నేరం, పొద్దున్నే భార్యకు అల్లం టీ పెట్టి ఇవ్వడం.

ఆ భార్యను నేనే. పెనుకొండలో పుట్టి, ధర్మవరంలో డిగ్రీ పూర్తి చేసినదాన్ని. డిగ్రీ పట్టా ఇవ్వని సంతోషం ఆ టీ గ్లాసు ఇచ్చింది. గ్లాసుకు మూతగా ఒక బిస్కెట్ పెట్టి తెస్తాడు. ఆవిరికి అది మెత్తబడి లోపల పడేలోగా తినేయాలి. పడిపోతే ఇద్దరం నవ్వుతాం. పెళ్ళయి ఎనిమిది నెలలైనా ఈ ఆటలో మాకు విసుగు రాలేదు.

విసుగు వచ్చింది వీధికి. ఎనిమిది నెలలకూ ‘విశేషం’ లేదు కాబట్టి, నా కడుపును వీధి ఉచితంగా పర్యవేక్షించసాగింది. ఆచారం ప్రకారం ముందు నాకే పరీక్షలన్నీ చేశారు. లోపమేమీ దొరక్కపోవడంతో అందరూ నిరాశపడ్డారు. అప్పుడు కోస్తా నుంచి వచ్చిన డాక్టరమ్మ, వీధి చరిత్రలోనే మొదటిసారి, భర్త రక్తం కూడా అడిగింది. ఆ రక్తం బస్సెక్కి బెంగళూరు పోయి, కాగితమై తిరిగొచ్చింది.

కాగితం కోసం మామా నేనూ వెళ్ళాం.

"అంతా బావుందండీ. మీ అబ్బాయికి ఆడ హార్మోన్ కూడా ఉండాల్సినంత ఉంది," అంది డాక్టరమ్మ.

"ఆడ ఉండాదా తల్లీ? ఆడ ఉంటే సాలు, ఇంకేం గావల!" అన్నాడు మామ.

మా వైపు ‘ఆడ’ అంటే ‘అక్కడ’ అని డాక్టరమ్మకు తెలియదు. ఆమె వైపు వేరే అర్థమని మామకు తెలియదు. రెండూ తెలిసిన విద్యావంతురాలిని నేను నోరు మూసుకున్నాను. మామ దారిలోనే రెండు కిలోల బూందీ కొని, "మావానికి హార్మోన్ ఆడే ఉండాదంట!" అంటూ ఇంటింటికీ పంచాడు.

పక్కింటి వెంకటరాముడు గారు రిటైరైన హెడ్ గుమాస్తా. కాగితం చదవకుండా బూందీ తినడం ఆయన పద్ధతి కాదు. అద్దాలు పెట్టుకుని చదివాడు.

"ఏమప్పా కాలేసాబూ, ఆడంటే యాడనో కాదప్పా. ఆడది అని!"

వీధిలో బూందీ నమలడం ఆగిపోయింది. ఆయన అరుగెక్కి ప్రసంగించాడు. "ఆడోళ్ళు పంచాయతీలోకి వచ్చిరి, సర్లే అనుకుంటిమి. బస్సులో ముందు సీట్లన్నీ తీసుకునిరి, నిలబడితిమి. ఈ పొద్దు రక్తంలోకే వచ్చిరి! ఇంక మనం యాడ కూసోవాల?"

హార్మోన్ ఏ మార్గాన లోపలికి వచ్చిందో విచారణ జరిగింది. మా అత్త దస్తగిరమ్మ నిమిషంలో తేల్చింది. "టీ! పొద్దున లేస్తే పొయ్యి ముందరే కదా నా కొడుకు? ఆడ నుంచే ఎక్కింటాది."

వెంటనే ఉత్తర్వులు వెలువడ్డాయి. కరీముల్లా వంటింటి గడప దాటరాదు. భార్యకు పూలు తేరాదు. బజారులో ఆమెకు నాలుగడుగులు ముందు నడవవలెను.

మరునాటి నుంచి నా టీ నేనే పెట్టుకున్నాను. బిస్కెట్‌ను నేనే మూతగా పెట్టి, నేనే తిన్నాను. ఒక రోజు అది లోపల పడింది. ఎవరూ నవ్వలేదు. బస్సు తప్పిపోయినవాడిలా మా ఆయన గడప బయట నిలబడి పొయ్యి వైపు చూస్తున్నాడు.

"నస్రీన్, పాలు పొంగుతాండాయి."

"నువ్వు చూడగాకు. ఎక్కుతాది."

నాలుగో రోజు నేనే మామనూ, వెంకటరాముడు గారినీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి, టీ మీద పడిన నేరం సంగతీ చెప్పాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. "మగవాళ్ళందరిలో అది కొంచెం ఉంటుందండీ. మగ హార్మోన్ నుంచే తయారవుతుంది. వీర్యకణాలు సరిగ్గా తయారవడానికి అది కూడా అవసరమేనంటున్నారు. మరీ ఎక్కువైనా ఇబ్బందే. ప్రయోగాల్లో, అది పనిచేయని మగ ఎలుకలకు మాత్రం పిల్లలే పుట్టలేదు."

"పిల్లలే పుట్టలేదా!" అంటూ ఇద్దరు పెద్దమనుషులూ ఒకేసారి లేచి ఇళ్ళకు పరుగెత్తారు. వెనక నుంచి డాక్టరమ్మ, "టీ పెడితే రాదండీ, మానేస్తే పోదండీ!" అని అరిచింది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

ఆ సాయంత్రానికే పాత ఉత్తర్వులు రద్దయ్యాయి. వీధిలోని మగతనమంతా వంటిళ్ళలోకి మళ్ళింది. నలుగురు పిల్లల తండ్రి వెంకటరాముడు గారు, మనవళ్ళ సంఖ్యకు భద్రతగా, అంట్లు తోముతున్నాడు. మా మామ ఉల్లిగడ్డలు తరుగుతూ వంశం కోసం కన్నీళ్ళు కారుస్తున్నాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి మొగుడు పెట్టిన టీని అత్త, చక్కెర తక్కువని తిడుతూ, అడుగుదాకా తాగింది.

నాకు విశేషం ఇంకా లేదు. కాని ఎవరూ అడగడం లేదు. అందరికీ వంటపని ఉంది. నా బిస్కెట్ మళ్ళీ టీలో పడుతోంది.

వీధి ఆడవాళ్ళు అప్పుడప్పుడు నన్ను పక్కకు పిలిచి, "డాక్టరమ్మ ఇంకేమీ చెప్పలేదు కదమ్మా?" అంటారు. లేదంటాను. వాళ్ళూ నమ్మినట్టే తలూపుతారు.

డాక్టరమ్మ వెనక నుంచి అరిచిన ఆ ఆఖరి మాట ఇప్పుడు మీకూ తెలిసింది. మీరు మగవారైతే హిందూపురం వచ్చి నిజం చెప్పవచ్చు, ఎవరూ ఆపరు. బయల్దేరే ముందు మీ చేతిలోని టీ గ్లాసు యాడ నుంచి వచ్చిందో ఒక్కసారి చూసుకోండి.

ఆడ నుంచే కదా?