లేని సవతి

జోర్డాన్‌లోని ఇర్బిద్‌లో కొళాయి సామాన్లు అమ్ముకునే ఫవ్వాజ్ ఆ ఉదయం కొట్టు కాస్త ఆలస్యంగా తెరుద్దామనుకున్నాడు. పెళ్లాం కంటికి ఒక్కసారైనా టీవీలో వచ్చే తుర్కీ సీరియల్ హీరోలా కనబడాలని అతని కోరిక. ఆ పెళ్లాం ఉమ్ హాజిమ్ రోజూ ఆ హీరోని చూసి నిట్టూరుస్తుంది. ఆ చూపులో పావువంతు మొగుడి మీద పడి ఏళ్లయింది. పాపం, మనిషికి ఆమాత్రం ఆశ ఉండదా?

హీరో చేసేవన్నీ చేశాడు. ఫలహారం తిన్న గిన్నెలు తోమాడు. బాల్కనీలో బట్టలారేస్తున్న ఆమె దగ్గరికి పువ్వులు పట్టుకెళ్లి, "నుహా" అని పిలిచాడు. కొడుకు హాజిమ్ పుట్టిన దగ్గర్నుంచి హాజిమ్ తల్లి అనే అర్థంలో 'ఉమ్ హాజిమ్' అనడమే తప్ప, ఆ పేరు అతని నోట రాలేదు.

ఆమె చేతిలోని చొక్కా జారి వీధిలో పడింది. ఆ సీరియల్ ఆమె అతనికంటే శ్రద్ధగా చూసింది మరి. అందులో హీరో గిన్నెలు తోమిన మర్నాడే రెండో ఆవిణ్ణి ఇంటికి తెచ్చాడు.

"ఎవరది?" అంది.

"ఎవరు?"

"వాడూ ఇలాగే 'ఎవరు' అన్నాడు."

ఫవ్వాజ్ తల గోక్కుంటూ కొట్టుకు వెళ్లిపోయాడు. పక్క బాల్కనీ ఆవిడ అంతా విన్నది. మధ్యాహ్నానికి ఆ రెండో ఆవిడ డమాస్కస్ పిల్ల అని వీధిలో తేలిపోయింది. సాయంకాలం నమాజు వేళకు ఆమెకు ఆకుపచ్చ కళ్లు కూడా వచ్చాయి.

కొట్టు మూసి ఇంటికొచ్చేసరికి ముందుగదిలో నుహా అన్నయ్య దైఫుల్లా, వెంట ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. దైఫుల్లా ముందు కాఫీ కప్పు ముట్టకుండా ఉంది. అడిగింది ఒప్పుకునేదాకా పెద్దలు ఆ కాఫీ తాగరు. తాగకుండా లేచారంటే వాళ్లతోపాటు ఇంటి ఇల్లాలూ పుట్టింటికి లేచినట్టే.

"బావా, ఆ పిల్లని వదిలెయ్యి," అన్నాడు దైఫుల్లా.

"ఒట్టు, ఎవరూ లేరు."

"అందరూ అలాగే అంటారు. మా ఇంట్లోనూ ఆ సీరియల్ వస్తుంది."

పరదా వెనక ఉమ్ హాజిమ్ ముక్కు చీదింది.

"లేనిదాన్ని ఎలా వదిలేది?"

"లేకపోతే నీ సొమ్మేం పోయింది? వదిలేశానని ఓ మాట అను. కాఫీ చల్లారిపోతోంది."

ఫవ్వాజ్ పరదా వైపు చూశాడు. ఇన్నేళ్ల కాపురం దాని వెనక ఏడుస్తోంది. "వదిలేశాను. నాకు నుహా చాలు," అన్నాడు. దైఫుల్లా కప్పు ఎత్తి గుక్కలో తాగేశాడు.

పరదా తొలగింది. ఆకుపచ్చ కళ్ల డమాస్కస్ పిల్లను తన కోసం కాలదన్నుకున్న మగాణ్ణి ఉమ్ హాజిమ్ చూస్తోంది. అచ్చంగా ఆ చూపే, రోజూ టీవీ మీద పడేది. నిజం చెబుదామని నోరు తెరిచిన ఫవ్వాజ్, మళ్లీ మూసుకున్నాడు.

మర్నాటి నుంచి గిన్నెలు తోమడం అతని పనే అయింది. ఆ డమాస్కస్ పిల్ల ఒక్కనాడూ తోమమనలేదు గదా అని అప్పుడప్పుడు గుర్తు చేసుకుంటాడు.