జ్వరం మీద నిఘా

గుమాస్తాగారు ఆ ఉదయం వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. తెల్లారితే భార్యతో కలిసి బావమరిది ఇంటికి ప్రయాణం. పది రోజులు ఇల్లు ఖాళీ. అందుకని ఇవాళే హాల్లో కెమెరా బిగించేస్తే, అక్కడ కూర్చుని ఫోన్లో ఇల్లు చూసుకోవచ్చు. సెలవు రేపటి నుంచి దొరికింది గానీ ఇవాళ్టికి దొరకలేదు. ఇంకొక్క దొంగ సెలవు పెడితే దూరం బ్రాంచికి బదిలీ రాస్తానని మేనేజరు కిందటి నెలే చెప్పి ఉన్నాడు. అయినా మనిషి ధైర్యం చూడండి! తొమ్మిదింటికి ఆఫీసు గ్రూపులో ‘నూట మూడు జ్వరం, మంచం మీంచి లేవలేకపోతున్నాను’ అని పెట్టేసి, స్టూలెక్కాడు.

మొదటి రంధ్రం వంకర పోయింది. రెండో రంధ్రానికి పిడికెడు సున్నం ఊడి కళ్ళలో పడింది. మూడోది నిలిచింది. ఆ తర్వాత వైఫై పాస్‌వర్డ్ దగ్గర బండి ఆగింది.

“ఏమేవ్, పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు!”

“నా పుట్టినరోజేగా పెట్టారు,” అంది భార్య వంటింట్లోంచి. “మూడుసార్లు తప్పు కొట్టారు. అన్నీ వింటున్నా.”

చివరికి ఫోన్లో హాలు కనిపించింది. ఈ లింకు పంపితే మీవాళ్ళు కూడా చూడవచ్చు, మాట్లాడవచ్చు, కెమెరా తిప్పవచ్చు అంది యాప్. ఆయన మురిసిపోయి, అన్నిటికంటే పైనున్న గ్రూపులో లింకు పడేశాడు. ఎప్పుడూ పైనుండేది బావమరిది వాళ్ళింటి గ్రూపే. ఇవాళ జ్వరం కబురు పుణ్యమా అని పైకొచ్చింది ఆఫీసు గ్రూపు. ఆయన చూసుకోలేదు.

‘చూస్తున్నవారు: ఒకరు’ అని వచ్చింది.

“మీ తమ్ముడే! ఎంత ప్రేమో!” అన్నాడు.

ఒకటి నాలుగైంది. నాలుగు తొమ్మిదైంది.

“మావాళ్ళింట్లో ఉన్నదే ముగ్గురండీ,” అంది భార్య.

ఆయనకి అర్థమైపోయింది. తొమ్మిది మంది దొంగలు! రేపు ఖాళీ అయ్యే ఇంటిని ఇవాళే తీరిగ్గా చూసుకుంటున్నారు! కుడివైపు జరిగాడు. కెమెరా కుడికి తిరిగింది. ఎడమవైపు పరిగెత్తాడు. అదీ ఎడమకి తిరిగింది. చెమటలు పట్టాయి, కాళ్ళు వణికాయి. సోఫా వెనక నక్కి షాపతనికి ఫోన్ చేశాడు.

“కెమెరా వెనక చిన్న బొక్క ఉంటుంది సార్. పిన్నీసుతో పది సెకన్లు నొక్కండి, అందరూ పోతారు,” అన్నాడతను.

గుమాస్తాగారు పిన్నీసు పళ్ళ మధ్య పెట్టుకుని, నేలమీద పాకుతూ వెళ్ళి స్టూలెక్కాడు. కెమెరా గొంతు సవరించుకుంది.

“ఏవయ్యా, ముందు స్టూలు దిగు!”

ఆ గొంతు మేనేజరుది. పిన్నీసు జారి కింద పడింది. బదిలీ ఖాయమనుకున్నాడు గుమాస్తాగారు. దూరం బ్రాంచి, రోజూ మూడు గంటల బస్సు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

“సార్, అది... మధ్యలో కొంచెం తగ్గి...”

“నీ జ్వరం సంగతి తర్వాత!” మేనేజరు గుసగుసలాడాడు. “హెడ్డాఫీసు నుంచి పెద్దాఫీసరు చెప్పాపెట్టకుండా ఊడిపడ్డారు. తొమ్మిది మందిమీ పని మానేసి, తలా ఒక ఫోన్లో నీ గెంతులు చూస్తుంటే పట్టేసుకున్నారు. ఏం చూస్తున్నారంటే, జబ్బు మనిషిని కనిపెట్టి చూస్తున్నామండీ అని నోటికొచ్చింది చెప్పా. తనూ చూస్తానని ఇటే వస్తున్నారు. నీకు దణ్ణం పెడతా, పడుకో! నా ఉద్యోగం నీ చేతుల్లో ఉంది!”

గుమాస్తాగారు ఒక్క గెంతులో సోఫా మీద పడ్డాడు. భార్య దుప్పటి కప్పి, చేతికందిన గుడ్డ తడిపి నుదుటి మీద వేసింది. అది స్టూలు తుడిచిన గుడ్డ.

“అయ్యో పాపం! ఆ చెమటలేంటి, ఆ వణుకేంటి!” అంది కొత్త గొంతు. పెద్దాఫీసరు. ఆ చెమటలూ ఆ వణుకూ అచ్చంగా నిజమైనవే. “స్టాఫ్ మీద ఇంత శ్రద్ధ నేను ఏ బ్రాంచిలోనూ చూడలేదయ్యా. ఈయనకి సెలవుందా?”

“రేపటి నుంచి పది రోజులుందండీ,” అన్నాడు మేనేజరు. గొంతులోకి ప్రాణం వచ్చింది.

“అయితే ఎక్కడికీ కదలకుండా పడుకోమనండి. కెమెరా మాత్రం తియ్యొద్దు. నాకూ ఆ లింకు పంపండి, రోజూ నేనూ చూస్తుంటాను.”

మర్నాడు భార్య కెమెరాకి కనబడకుండా గోడవార నడుచుకుంటూ పెట్టె గుమ్మం దాటించింది.

“మీరు రాలేదేమంటే మా తమ్ముడికి నేను చెప్తాలెండి,” అంది గుసగుసగా. “మధ్యమధ్యన మూలగడం మర్చిపోకండి.”

పది రోజులూ ఇంట్లో మనిషి కదలకుండా పడి ఉన్నాడు గనక, దొంగల విషయంలో ఆ కెమెరా అవసరమే పడలేదు.