లతీఫక్క వెబ్‌సైట్‌లో నా ఫోటో

కంటికి కనిపించే దుకాణాన్ని ఇకమీదట దుకాణంగా పరిగణించరాదని, ఫోన్‌లో కనిపించేదే అసలైన దుకాణమని మా జిల్లాలో ఈ ఏడు తేల్చేశారు. తేల్చినది అంతర్జాల ఉనికి నిర్ధారణ విభాగం. ఆ విభాగానికి ఒక గది, రెండు బీరువాలు, ఒక అధికారి, ఆయన కూర్చోగానే ఎడమవైపు ఒరిగే కుర్చీ ఉన్నాయి. (వెబ్‌సైట్ లేదు. విభాగం పెట్టిన నిబంధనలు విభాగానికి వర్తించవని నాలుగో నిబంధనలో స్పష్టంగా రాశారు.)

ఇంత గొప్ప సంస్కరణ మొదట వచ్చి తగిలింది మా పక్క దుకాణానికి. మరిపెడ బస్టాండు వెనక నాదొక జిరాక్స్ సెంటర్. దాని పక్కది లతీఫా బేగం గారి మోటార్ వైండింగ్ దుకాణం. ఊరంతా ఆమెను లతీఫక్క అంటుంది. పందొమ్మిదేళ్లుగా చుట్టుపక్కల ముప్పై ఊళ్ల తాగునీటి మోటార్లు కాలిపోతే ఆమె దగ్గరికే వస్తున్నాయి. మోటార్ విప్పకముందే వాసన చూసి ఏ కాయిల్ పోయిందో చెబుతుంది. కొత్తగూడ దగ్గరి తండాలో నీళ్ల మోటార్ నడిపే మంగ్యా ఒకసారి రంగు డబ్బాలో కొంచెం నీలం మిగిలితే ఆమె ఫోన్ నంబర్‌ను పంపుహౌస్ గోడ మీద రాసేశాడు. అది చూసి మిగతా ఊళ్లవాళ్లూ రాసుకున్నారు. మోటార్ కాలితే గోడ చూడటం, ఫోన్ చేయడం, అంతే.

మార్చి ముప్పై ఒకటి లోపు సొంత వెబ్‌సైట్ చూపించని వారిని తాగునీటి మోటార్ల మరమ్మత్తు జాబితా నుంచి తొలగిస్తామని ఉత్తర్వు వచ్చింది. జాబితా పోతే లతీఫక్కకు మిగిలేవి మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు. వాటితో దుకాణం ఒక్క ఎండాకాలం కూడా గడవదు. పైగా ఆ వెబ్‌సైట్ రెడీమేడ్‌ది కారాదు, కస్టమ్‌దై ఉండాలని ఏడో నిబంధన.

"కస్టమ్ అంటే ఏంది తమ్మీ?" అని అడిగింది నన్ను.

"అచ్చంగా నీ కోసమే చేసేదక్కా."

"నాకోసం ఎందుకు? నేను పొద్దుందాక షాపులనే ఉంట గద."

దీనికి నిబంధనల్లో జవాబు లేదు. నేను రెండుసార్లు వెతికాను.

వెబ్‌సైట్ చేసే డెవలపర్‌ను నియమించుకునే ముందు ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోవాలన్నారు. జనగామలో అజిత్ అనే డెవలపర్ ఉన్నాడని తెలిసి ఫోన్ చేస్తే మూడు కొటేషన్లూ తనే మూడు పేర్ల మీద పంపాడు. అతని సొంత వెబ్‌సైట్ తెరిచి చూశాను. 'నిర్మాణంలో ఉంది' అని నాలుగేళ్లుగా ఉంది. ఎందుకని అడిగితే, మంచి డెవలపర్ దొరకడం లేదన్నాడు.

మరుసటి వారం అజిత్ మరిపెడ వచ్చి, కాయిళ్ల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"అక్కా, ముందుగాల మీ బ్రాండ్ స్టోరీ చెప్పుండ్రి."

"స్టోరీ ఏముంటది బేటా. మోటార్ కాలుతది. తెస్తరు. చుట్టి పంపుతం."

"గట్ల కాదక్కా. జర ఎమోషన్ ఉండాలె."

"ఎండకాలం నల్లా బందైతే ఊరోళ్లకు వస్తది ఎమోషన్. గప్పుడు వచ్చి రాసుకో."

అజిత్ అదంతా శ్రద్ధగా రాసుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత నమూనా తెచ్చి చూపించాడు. 'మేము చుట్టేది తీగను కాదు, మీ కలలను' అని పెద్ద అక్షరాలు. వాటి పక్కన పసుపు హెల్మెట్ పెట్టుకుని, చేతిలో స్పానర్‌తో నవ్వుతున్న ఒక విదేశీ అమ్మాయి. ఆ స్పానర్‌ను ఆమె తలకిందులుగా పట్టుకుంది.

"గీమె ఎవలు? మన షాపుల ఎప్పుడు జేరింది?" అంది లతీఫక్క.

"మోడల్ అక్కా. చూసినోళ్లకు నమ్మకం కలుగుతది."

"మరి నా ఫోటో?"

"మీ చేతులకు మసి ఉన్నది గదక్కా."

లతీఫక్క చేతులు చూసుకుంది. కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసుకుంది. నాకు ఒళ్లు మండింది. కానీ అదే సమయానికి పక్కన నా జిరాక్స్ మెషిన్‌లో కాగితం ఇరుక్కోవడంతో ఆ కోపాన్ని వాయిదా వేసుకున్నాను.

ఇంతవరకు ఫరవాలేదు. ఒక హెల్మెట్ అమ్మాయి తప్ప నష్టమేమీ లేదు, అడుగున దుకాణం పేరు, చిరునామా, ఫోన్ నంబర్ చక్కగా ఉన్నాయి. సరిగ్గా అప్పుడు మా వర్తక సంఘం అధ్యక్షుడు ప్రేమ్‌సింగ్ గారికి విషయం తెలిసింది.

మా వైపు పుట్టినరోజైనా, పదవి వచ్చినా, బోరులో నీళ్లు పడ్డా ఫ్లెక్సీ కడతాం. ఫ్లెక్సీలో ఎవరి ఫోటో ఎంత ఉండాలి, ఎవరి పక్కన ఎవరుండాలి అన్నది పుస్తకాల్లో దొరకని శాస్త్రం. అందులో ప్రేమ్‌సింగ్ గారిని మించినవారు మూడు మండలాల్లో లేరు. ఆయన వచ్చి నమూనా చూసి చాలా బాధపడ్డారు.

"వెబ్‌సైట్ అంటే ఫోన్ల కట్టే ఫ్లెక్సీనే గద చెల్లె. పెద్దమనుషుల ఫోటోలు లేకుంటే మంచిగుంటదా? రేపు ఏమన్న పని పడితే ఎవలు నిలబడ్తరు నీ ఎంబడి?"

లతీఫక్క కాదనలేకపోయింది. బస్టాండు వెనక దుకాణం నడపాలంటే సంఘంతో తగువు కుదరదు. ఫోటోలు పెట్టమని అజిత్‌కు చెప్పింది. అతను సరేనని, పెద్దలందరినీ పేజీలో కిందివైపు పెడతానన్నాడు. "వేలుతోని పైకి జరిపితే వస్తరన్నా."

"అంటే మమ్ముల్ని కింద పెడ్తవా?" అన్నారు ప్రేమ్‌సింగ్ గారు.

చివరికి అజిత్ తన ఐదేళ్ల అనుభవాన్ని పక్కన పెట్టాడు. ఫోన్ తెరవగానే కనపడే మొదటి పేజీలోనే, ఒకరి కింద ఒకరు అనే అవమానం వీలైనంత తక్కువగా, అందరూ ఉండాలని తీర్మానించారు. రెండు సమావేశాలు జరిగాయి. ఒకాయన తన బావమరిది ఫోటో తనకంటే గుండ్రంగా వచ్చిందని అలిగి వెళ్లి, సాయంత్రం టీ వేళకు తిరిగొచ్చారు. మొత్తం ఫోటోలు నలభై ఒకటి తేలాయి. (రెండో వరుసలో ఎడమ నుంచి ఆరోది నాది. నేను అడగలేదు. ఇచ్చాను, అంతే.)

"ఇగ నంబర్‌కు, అడ్రస్‌కు జాగ లేదన్నా" అన్నాడు అజిత్.

"నంబర్ ఎవలకు తెల్వదు? ఊరూరికి గోడల మీద ఉన్నది గద. తీసేయ్" అన్నారు ప్రేమ్‌సింగ్ గారు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. హెల్మెట్ అమ్మాయిని తీస్తే సరిపోతుంది కదా అని లతీఫక్క మెల్లగా అంది. ఆమెను తీస్తే డిజైన్ చెడిపోతుందని అజిత్ చెప్పాడు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. లాప్‌టాప్‌కు రిబ్బన్ కట్టి కత్తిరించారు. కొబ్బరికాయ మాత్రం పక్కనున్న రాయి మీద కొట్టమని అజిత్ బతిమాలుకున్నాడు. మొదటిరోజు సైట్‌ను నలభై ఒక్కమంది తెరిచారు. ఎవరి ముఖాన్ని వారు రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూసుకుని మూసేశారు. రెండోరోజు ఎవరూ తెరవలేదు.

మార్చి ముప్పైన లతీఫక్క, నేను విభాగానికి వెళ్లాం. వెబ్‌సైట్‌ను రంగుల్లో మూడు ప్రతులు ప్రింటు తీసి, ప్రతి దాని మీద 'ఇది నిజమైన వెబ్‌సైట్' అని సంతకం చేసి ఇవ్వాలని నిబంధన. నిర్ధారణ అధికారి ప్రభాకర్ గారు భూతద్దం తీసుకుని ముఖాలన్నీ వరుసగా పరిశీలించారు. నా దగ్గర కాసేపు ఆగారు కూడా.

"అంతా బాగుందమ్మా. సంప్రదించే వివరాలు లేవు."

"నేనే వచ్చిన గద సార్. ఎదురుంగనే ఉన్న."

"మీరు ఉన్నరు. కాదంటలేను. కాకపోతే ఉన్నట్టు ఆధారం లేదు" అని జాబితాలో ఆమె పేరు మీద ఎర్ర గీత గీశారు. గీత వంకరగా వస్తే స్కేలు తెప్పించి మళ్లీ గీశారు.

లతీఫక్క లేచింది. లేచి అక్కడే ఆగి, గాలి పీల్చింది.

"సార్, మీ బోరు మోటార్ కాలుతున్నది. జల్ది స్టార్టర్ బంద్ చేయుండ్రి."

"మీ పేరు జాబితాలో ఉందా?"

"ఇప్పుడే గద కొట్టేసిండ్రు."

"అయితే మీ సలహా స్వీకరించే అధికారం నాకు లేదమ్మా" అన్నారాయన. నిజంగానే నొచ్చుకుంటూ అన్నారు. మేం గేటు దాటేలోపు వెనక పొగ లేచింది.

ముప్పై ఊళ్ల పని హైదరాబాదు కంపెనీ ఒకదానికి వెళ్లింది. వాళ్ల వెబ్‌సైట్ చూశాను. చాలా బాగుంది. పసుపు హెల్మెట్, తలకిందుల స్పానర్, అదే నవ్వు, అదే అమ్మాయి. కాయిల్ చుట్టేవాళ్లు మాత్రం కంపెనీలో ఒక్కరూ లేరు.

ఏప్రిల్‌లో తండా మోటార్ కాలిపోయింది. మంగ్యా కంపెనీకి ఫోన్ చేస్తే తెలుగుకు ఒకటి నొక్కమంది. నొక్కాడు. తొమ్మిది రోజులు నొక్కాడు. పదో రోజు బస్సెక్కి మరిపెడ వచ్చాడు.

"అక్కా, జాబితా గిబితా నాకు ఎర్కలేదు. పిల్లగాండ్లు వాగుల ఇసుక తోడి చెలిమె నీళ్లు తాగుతున్నరు."

లతీఫక్క పానాలు సంచిలో వేసుకుంటూ ఉండగానే ఫోన్ మోగింది. హైదరాబాదు కంపెనీ. ముప్పై ఊళ్ల పనులు వారి తరఫున ఆమె చేసిపెట్టాలట. జనంలో తన పేరు చెప్పకూడదట.

"నా నంబర్ ఎట్ల దొరికింది మీకు?"

"పంపుహౌస్ గోడ మీద ఉంది మేడమ్."

ఆమె ఒప్పుకుంది. "నీళ్లు రాంది పిల్లలకు గని, నాకా?" అంది నాతో. సాయంత్రానికల్లా తండాలో నల్లా నీళ్లు వచ్చాయి. మరమ్మత్తు చేసినవారి ఫోటో అతికించాల్సిన చోట కంపెనీవారు హెల్మెట్ అమ్మాయిని అతికించి బిల్లు పంపుకున్నారు. ప్రభాకర్ గారి ఆఫీసు మోటార్ కూడా ఆ అమ్మాయే బాగుచేసినట్టు రికార్డులో ఉంది.

మే నెల మొదట్లో లతీఫక్కకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. జాబితాలో లేని వ్యక్తి ఫోన్ నంబర్ ప్రభుత్వ పంపుహౌస్ గోడల మీద ఉండటం నిబంధనలకు విరుద్ధం కనుక, ముప్పై ఊళ్లలోనూ ఏడు రోజుల్లోగా ఆమె స్వయంగా చెరిపివేయాలని అందులో ఉంది. పైన చిరునామా: లతీఫా బేగం, మోటార్ వైండింగ్ దుకాణం, బస్టాండు వెనక, జిరాక్స్ సెంటర్ పక్కన, మరిపెడ. దాని కింద ఫోన్ నంబర్. ఒక్క అంకె తప్పులేదు.

ఆమె రెండుసార్లు చదివి నోటీసు నా చేతికిచ్చింది.

"తమ్మీ, గిది వెబ్‌సైట్ల పెట్టమని అజిత్‌కు చెప్పు. నేను యాడున్ననో మంచిగ రాసిండ్రు."

అజిత్‌కు ఫోన్ చేశాను. జాగా లేదన్నాడు. ఎవరిదైనా ఒక్క ఫోటో తీసేస్తే పడుతుందన్నాడు.

మిగతా నలభై మందినీ అడిగి చూశాను. ఒక్కరూ ఒప్పుకోలేదు.