ఏడో నంబరు కెమెరాకు కనిపించింది

"ఇకమీదట హార్లన్ క్రీక్‌లో చీమ చిటుక్కుమన్నా మనకు తెలిసిపోతుంది" అని మేయర్ హాల్వర్సన్ గారు రిబ్బను కత్తిరించి ప్రకటించారు. సున్నాకు ముప్పై డిగ్రీల కింద ఆ వీధుల్లో చీమ కనబడి మూడు నెలలైంది. అయినా జనం చేతి తొడుగులతోనే చప్పట్లు కొట్టారు.

మొత్తం పన్నెండు కెమెరాలు. చీకట్లోనూ చూసే సెన్సరు, లెన్సుకు మంచు పట్టకుండా చిన్న హీటరు, నెల రోజుల దృశ్యాలు దాచే రికార్డరు. రిటైరైన స్కూలు బస్సు డ్రైవరు ఓల్గా హ్రిచుక్ అందరికంటే ఎక్కువ సంబరపడింది. ఏడో నంబరు కెమెరా సరిగ్గా ఆమె ఇంటి ఎదుటి స్తంభం మీదే ఉంది. ఒంటరి మనిషికి అదో తోడు.

మేయర్ గారు పరమ ప్రజాస్వామ్యవాది. తమ గోప్యతకు భంగమనుకున్నవాళ్ళు ఒక ఫారం నింపితే చాలు, కెమెరాలో ఆ భాగం మీద నల్ల పట్టీ వేయిస్తామన్నారు. ముందు పాస్టరు గారు తన కిటికీ మీద వేయించుకున్నారు. హాకీ కోచ్ తన వరండా మీద, బేకరీ వాళ్ళు తమ తలుపు మీద. "పని చేస్తుంటే మమ్మల్ని చూడటానికి వీల్లేదు" అని మంచు తోసే బండ్ల డ్రైవర్ల యూనియన్ ఏకంగా రోడ్డు మొత్తం మీద వేయించింది. ఎవరినీ కాదనలేదు. మొహం మీద కాదనడం ఆ ఊళ్ళో అలవాటు లేదు. పైగా పట్టీ వేయడం ఆలస్యమైనవాళ్ళకు క్షమాపణ ఉత్తరాలు కూడా పంపారు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఓల్గా తన గేటు ముందు మంచు తోడుకుంటుంటే, మున్సిపాలిటీ మంచు బండి రెక్క తగిలి ఎగిరి పడింది. కుడి చెయ్యి విరిగింది. చెయ్యి కుదురుకునేదాకా ఇంట్లో సాయానికి మనిషిని పెట్టమని అడిగితే, తమ బండి ఎవరినీ తాకలేదని మున్సిపాలిటీ జవాబు రాసింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పిండికట్టుతోనే ఆఫీసుకు వెళ్ళింది.

"సారీ అండీ, చెయ్యి ఎలా ఉంది?" అన్నాడు గుమాస్తా ట్రెవర్.

"నీ రికార్డరే చెబుతుంది బాబూ. వెయ్యి."

తెరంతా నలుపు. మధ్యలో అగ్గిపెట్టంత వెలుతురు. అందులో ఓల్గా, ఆమె గేటు, పార.

"మిగతా ఊరేదీ?"

"ఊరంతా ఫారం నింపిందండీ. మీరొక్కరే నింపలేదు."

"నాకు దాచుకునేదేముంది?"

"అందుకేనండీ, మీరు ఇంత బాగా వచ్చారు."

తెర మీద ఓల్గా పార ఎత్తింది. ఏమీ తగలకుండానే ఉన్నట్టుండి గాల్లోకి లేచి మంచులో కూలబడింది. ట్రెవర్ రెండోసారి కూడా వేసి చూపించాడు.

"బండేదీ లేదండీ" అన్నాడు నిజంగానే బాధపడుతూ.

"ఆ నలుపు కింద ఉంది. తియ్యి దాన్ని."

"రికార్డరులోకే నల్లగా ఎక్కిందండీ. కింద ఏమీ ఉండదు."

ఓల్గాకు ఏడుపొచ్చింది. "చూస్తుంటే నా మాట నాకే నమ్మబుద్ధి కావడం లేదు" అంది.

"ఇంకో చిన్న విషయమండీ. మీరు పడ్డాక పది రోజులు గేటు ముందు మంచు ఎవరూ తీయలేదు. ఇరవై నాలుగు గంటల్లో ఇంటివాళ్ళే తీయాలని నిబంధన. అది మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది. సారీ." జరిమానా నోటీసు ఆమె ఎడమ చేతిలో పెట్టాడు.

కెమెరాల వల్ల పట్టుబడిన మొదటి నేరం ఇదేనని సాయంత్రం మేయర్ గారు పత్రికలవాళ్ళకు చెప్పారు. గోప్యత దృష్ట్యా నేరస్థురాలి పేరు వెల్లడించలేమన్నారు. ఆయన ఇచ్చిన ఫొటోలో ఇంటి నంబరు చక్కగా కనబడింది.