పీపా దగ్గర ప్రశాంతత

ఆ పొద్దున పీపా ఆయన ఒకటే అనుకున్నాడు: ఈవేళ ఎవరి మీదా కోప్పడకూడదు.

తోటలో ఆయన పని, పంట మీద చల్లే నీళ్లను పీపాలో కర్రతో తిప్పడం. ఆవుకొమ్ములో కూరి భూమిలో మాగబెట్టిన పేడను పిడికెడు తీసి నీళ్లలో కలిపి, పీపా చుట్టూ తిరుగుతూ, సుడి లేచేదాకా ఒకవైపు, తర్వాత రెండోవైపు, అలా గంటసేపు తిప్పాలి. చెయ్యి ఆగిందా, పారబోసి మళ్లీ మొదలు. పైగా తిప్పేవాడి కోపం నీళ్లలోకి, నీళ్లలోంచి ఆకులోకి దిగుతుందని యజమాని నమ్మకం. ఆకు రసాన్ని వడపోత కాగితానికి పీల్పించి, అందులో పడే వలయాల బొమ్మను బట్టి పంట మంచిచెడ్డలు చెప్పేవాడాయన.

పదకొండేళ్లుగా తిప్పి తిప్పి పీపా ఆయన భుజాలు అరిగిపోయాయి. ప్యాకింగ్ గదిలో ఈమధ్యే ఒక కుర్చీ ఖాళీ అయింది. "ఈసారి పాలకూర బొమ్మ బాగా వస్తే కుర్చీ సంగతి చూద్దాం" అన్నాడు యజమాని. ఆ మాట పట్టుకుని ఆయన ఆరింటికే కర్ర అందుకున్నాడు.

ఇరవై నిమిషాలకు యజమానే వచ్చాడు.

"మనసు ప్రశాంతంగా ఉందా?"

"ఉంది సార్" అంటూ అలవాటు కొద్దీ రెండు చేతులూ జోడించాడు.

"అయ్యో, ఆపేశారే!" అని నొచ్చుకుంటూ యజమాని వెళ్లిపోయాడు.

పారబోసి మళ్లీ మొదలుపెట్టాడు. నలభయ్యో నిమిషంలో భార్య వచ్చింది. ఇంటి తాళంచెవి ఆయన జేబులో ఉండిపోయింది.

"చెయ్యి ఆపకూడదే, నువ్వే తీసుకో."

"మీరు ఒక్కచోట నిలబడితే కదండీ తీసుకునేది!"

ఆయన పీపా చుట్టూ, ఆమె ఆయన జేబు చుట్టూ తిరిగారు. మూడో చుట్టులో జేబు చిరిగింది. ప్యాకింగ్ గదిలో నిలబడి పెట్టెలు సర్దే బావమరిదికి కిటికీలోంచి అక్కాబావా కొట్టుకుంటున్నట్టు కనిపించింది. పరుగున వచ్చి బావను వెనకనుంచి వాటేసుకున్నాడు.

"బావా, శాంతించు! అక్క మీద కర్రెత్తుతావా?"

"తాళంచెవి కోసంరా!"

"తాళంచెవి కోసం కర్రెత్తుతావా?"

మూడోసారి నీళ్లు నింపేసరికి ఆయనలో ఓపిక అడుగంటింది. పైకి వినపడకుండా తిట్టడం మొదలుపెట్టాడు. ప్రశాంతంగా ఉన్నావా అని అడిగి చెడగొట్టిన పెద్దమనిషిని, తాళంచెవిని, బావమరిదిని, చివరికి కొమ్మిచ్చిన ఆవుని కూడా వదల్లేదు. ఆ మొహం చూసి ఎవరూ దగ్గరికి రాలేదు. గంట నిండింది. కుర్చీ ఇక గల్లంతేనని ఆ నీళ్లే పాలకూర మీద చల్లాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

పదిరోజుల తర్వాత యజమాని పిలిచి, కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి చూపించాడు. లేతాకుపచ్చ వలయాలు, అంచున తీర్చినట్టు రేకులు.

"ఇంత ప్రశాంతమైన ఆకు నా జన్మలో చూడలేదు. ఆ రోజు దూరం నుంచి గమనించాను, మీ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏదో మంత్రం కదూ?"

"ఏదో... నోటికొచ్చింది సార్. మరి కుర్చీ?"

"ఇలాంటి చేతిని కుర్చీలో కూలేస్తామా! ఇకనుంచి నాలుగు పీపాలూ మీవే. కుర్చీ మీ బావమరిదికిచ్చాను. పాపం, అతనికి ప్రశాంతత బొత్తిగా లేదు."

మర్నాడు ఆరింటికి మంత్రంలో బావమరిది మీద మరో రెండు చరణాలు చేరాయి.