మంత్రిగారి మిడ్-సీజన్ సమీక్ష

"మన బాస్కెట్‌బాల్ జట్టు ఓడిపోతోందని కొన్ని దుష్టశక్తులు ప్రచారం చేస్తున్నాయి. ఇది పచ్చి అబద్ధం. జట్టు గెలుపుని వాయిదా వేస్తోంది, అంతే!" అని క్రీడల మంత్రిగారు పత్రికలవాళ్లని పిలిచి ప్రకటించారు. సీజన్ సగం గడిచినా ఒక్క మ్యాచ్ గెలవని జట్టు గురించి ఇంత ముందుచూపుతో మాట్లాడగల నాయకుడు ఇంతవరకు పుట్టలేదు.

ఆయన వెనకే పీఏ నిలబడ్డాడు. ఆఫీసు మొత్తంలో ఆ జట్టు ఆట నిజంగా చూసేవాడు అతనొక్కడే. ప్రతి మ్యాచ్‌కీ వెళ్లి, గొంతు పోయేదాకా అరిచి, ఇంటికొచ్చి మూగవాడిలా పడుకునేవాడు. "గెలిచారా?" అని అడగడం భార్య ఎప్పుడో మానేసింది. "ఎంత తేడాతో?" అని మాత్రం అడిగేది.

కారెక్కాక మంత్రిగారు వెనక్కి వాలి, "నువ్వా ఆట చూస్తావటగా? అసలేమవుతోందయ్యా అక్కడ?" అన్నారు.

ఈ జన్మలో తననెవరైనా ఆ మాట అడుగుతారని పీఏ అనుకోలేదు. కళ్లు చెమర్చాయి.

"రీబౌండ్లు రావట్లేదు సార్."

"అంటే?"

"బంతి రింగుకి తగిలి బయటికొస్తుంది కదండీ, దాన్ని పట్టుకోవాలి. మనవాళ్లు పట్టుకోవట్లేదు."

"బయటికొచ్చినవాళ్లని పట్టుకోవడం మన పార్టీకి వెన్నతో పెట్టిన విద్య కదయ్యా! ముందే చెబితే ఒక్క ఫోన్ కొట్టేవాణ్ణి. ఇంకా?"

"రింగు కింద సెంటర్‌లో ఆడటానికి పొడుగైనవాడు లేడు సార్. పైగా బొంగరాన్ని బెంచీ మీద కూర్చోబెడుతున్నారు."

"బొంగరం ఎవరు?"

"రిజర్వ్ ఆటగాడు సార్. ముగ్గురు చుట్టుముట్టినా గిర్రున తిరిగి బంతి వేసేస్తాడు. అందుకే ఆ పేరు. అతన్ని దింపితే మిగతా సగం సీజన్ మనదే."

"రికమెండేషన్ ఎవరిది?"

"ఎవరిదీ లేదు సార్. ఆట వచ్చు, అంతే."

"అయ్యో పాపం!" అని మంత్రిగారు మనస్ఫూర్తిగా జాలిపడ్డారు.

మర్నాడే సమీక్షా సమావేశం. కోచ్, ఇంజనీరు, మంత్రిగారి బావమరిది వచ్చారు. బావమరిది ఏ సమావేశానికైనా వస్తాడు. ఆ సేవాభావం ఆ కుటుంబానికే సొంతం.

"రింగు ఎంత ఎత్తులో ఉంది?" అని మంత్రిగారు సూటిగా అసలు విషయానికొచ్చారు.

"పది అడుగులండి" అన్నాడు కోచ్.

"ఎవరు శాంక్షన్ చేశారు?"

"ప్రపంచమంతా అంతేనండి."

"గత ప్రభుత్వం పనే అయ్యుంటుంది. దించండి."

రింగు దించితే రూల్స్ ఒప్పుకోవన్నాడు కోచ్. ఇంజనీరు గొంతు సవరించుకుని, "రింగు దించక్కర్లేదు సార్. నేలని పైకి లేపుదాం" అన్నాడు. ఒక శాఖలో ఇద్దరు మేధావులుండటం అరుదు.

తర్వాత సెంటర్ గురించి చర్చ వచ్చింది. మంత్రిగారు బావమరిది భుజం మీద చెయ్యేశారు. చెయ్యి వెయ్యడానికి కొంచెం వంగాల్సి వచ్చింది.

"సార్, ఆయన... పొడుగు చాలదేమో" అన్నాడు కోచ్, నేల చూపులు చూస్తూ.

"మీరే కదయ్యా ప్రాస్పెక్ట్, ప్రాస్పెక్ట్ అంటారు! ప్రాస్పెక్ట్ అంటే ఎదిగేవాడనేగా? మావాడు పార్టీలో ఎంత తొందరగా ఎదిగాడో కనుక్కో."

కోచ్‌కి పెళ్లాం, పిల్లలు ఉన్నారు. కనుక్కోలేదు.

ఇక లాభం లేదని పీఏ మంత్రిగారి చెవిలో, "సార్, ఆ బొంగరం మన నియోజకవర్గం వాడేనండి" అన్నాడు. అతనిది ఏ ఊరో పీఏకి తెలీదు. అబద్ధాలాడటం పీఏకి కొత్త కాదు గానీ, సొంతానికి ఒకటి ఆడటం అదే మొదలు.

"మన కుర్రాడా? మరి చెప్పవేం!" అని మంత్రిగారు అక్కడికక్కడే ఆర్డర్ వేశారు.

మ్యాచ్ రోజుకి నేల లేచింది. రిఫరీ టేపు పెట్టి కొలిచి, రింగు కూడా లేపాలన్నాడు. దాన్నీ లేపారు. చివరికి తేడా ఏమీ లేకపోయినా, అభివృద్ధి మాత్రం కళ్లకి కట్టినట్టు కనిపించింది. ముందు వరుసలో కూర్చున్న వీఐపీలకి ఆటగాళ్ల బూట్లు కూడా అంతే స్పష్టంగా కనిపించాయి.

బావమరిది రింగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బంతి తన దగ్గరికొస్తే మర్యాదగా పక్కకి తప్పుకునేవాడు. అయినా సరే, బొంగరం తిరగడం మొదలుపెట్టాడు. ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి. అవతలివాళ్లు అతన్ని పట్టుకోబోయి ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు. పీఏ ఉద్యోగం మర్చిపోయి కుర్చీ ఎక్కి అరిచాడు. చివరి నిమిషానికి జట్టు ముందంజలో ఉంది! వంట్లో ఉన్న నీరసమంతా ఒక్కసారిగా దిగిపోయినట్టయింది అతనికి.

అప్పుడు అవతలి కోచ్ టైమ్-అవుట్ అడిగాడు. ఆట ఆగింది కాబట్టి అయిపోయిందనుకుని, మంత్రిగారు మైకు పట్టుకుని లేచారు. గీత దాటకుండా బయటే నిలబడ్డారు. నియమాలంటే ఆయనకంత గౌరవం.

"ఈ విజయం నాది కాదు..." అని మొదలుపెట్టారు. మన ఆటగాళ్లు చేతులు కట్టుకుని వరసలో నిలబడ్డారు.

విజిల్ మోగింది. అవతలివాళ్లు బంతి తీసుకుని వెళ్లి ఖాళీ రింగులో వేశారు. బొంగరం కదలబోతే బావమరిది చొక్కా పట్టుకుని లాగాడు. "మా బావ మాట్లాడుతుంటే ఎక్కడికి?"

రింగులో ఇంకో బంతి పడింది. కోచ్ కళ్లు మూసుకున్నాడు. పీఏకి ఉద్యోగం గుర్తొచ్చింది, ఇంటి అద్దె గుర్తొచ్చింది, భార్య అడిగే ప్రశ్న గుర్తొచ్చింది. వంగి మైకు వైరు పీకేశాడు.

హాలంతా నిశ్శబ్దం. మంత్రిగారు గమనించకుండా ఉత్సాహంగా మాట్లాడుతూనే ఉన్నారు. మాట వినపడక, ఆటగాళ్లు భయభక్తులతో ఆయనకి ఇంకాస్త దగ్గరగా జరిగారు.

మర్నాడు కారులో మంత్రిగారు హుషారుగా ఉన్నారు. "నిన్న ఏం గెలిచామయ్యా!"

పీఏకి గొంతు పోయింది. అయినా చెప్పాడు. "ఓడిపోయాం సార్."

మంత్రిగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"అలాగా? మరి అవతలి జట్టు కోచ్ నన్ను కౌగిలించుకుని, 'మా ప్రతి మ్యాచ్‌కీ మీరు రావాలి' అని ఎందుకన్నాడు?"